కన్ను మూసిన హంస

కౌముదీపుర రాజభవనంలో సూర్యుడు మొట్టమొదట పలకరించేది మహారాణి శయనమందిరాన్ని కాదు, పాత్రల కొట్టుని. తూర్పు బురుజు మొదట్లో, వంటశాలకు ఆనుకుని ఉంటుంది ఆ కొట్టు. బారులు తీరిన వెండి గంగాళాలు, మకరముఖాల చెంబులు, పద్మాలు విచ్చుకున్న పళ్ళేలు, ద్రాక్షతీగలు పెనవేసుకున్న పన్నీటి బుడ్లు, రాజహంసలు మోస్తున్న దీపపు సెమ్మెలు. తొలికిరణం కిటికీలోంచి దూకి ఒక గంగాళం మీద పడి, అక్కణ్ణించి పళ్ళేనికి, పళ్ళెం మీంచి చెంబుకి గెంతి, చూస్తుండగానే గది మొత్తాన్ని పాలసముద్రం చేసేస్తుంది. చూడవచ్చినవాళ్ళు ఆ కాంతికి నోరు తెరుస్తారు. తోమేవాళ్ళు మాత్రం ఎక్కడ మరక మిగిలిందా అని వెతుక్కుంటారు.

ఆ పాలసముద్రం నడిమధ్యన, పంచె మోకాళ్ళపైకి ఎగగట్టి, మోచేతుల దాకా విభూతి పులుముకుని కూర్చున్న యువకుడు వైజయంతీ రాజ్యపు యువరాజు అరిందముడని అక్కడ ఎవరికీ తెలియదు. చెప్పినా నమ్మరు. అరిందముడంటే శత్రువులను అణిచేవాడని అర్థం. పాపం, అతను ఇన్నేళ్ళలో నికరంగా అణిచిన శత్రువు వెండి మీది నలుపు ఒక్కటే.

అందుకు అతని నాయనమ్మ కారణం. చిన్నప్పుడు చేసిన ప్రతి అల్లరికీ ఆవిడ వేసే శిక్ష ఒకటే: ఖజానాలో కూర్చుని వెండి తోమడం. అరిందముడు అల్లరి తక్కువేమీ చెయ్యలేదు గనక, కత్తి పట్టడం రాకముందే అతనికి వెండి చదవడం వచ్చేసింది. ఏ ముద్ర ఏ కంసాలి ఇంటిది, ఏ నగిషీ ఏ ఊరి పని, ఏది సాగగొట్టిన వెండి, ఏది అచ్చుపోసిన వెండి, అన్నీ గోటితో రాసి చెప్పేవాడు. ఆ విద్య ఎందుకైనా పనికొస్తుందని అతను గాని, నాయనమ్మ గాని అనుకోలేదు.

పనికొచ్చింది. కాని రావలసిన తీరులో రాలేదు.

దండకానది దగ్గర మజిలీ చేసినప్పుడు నీళ్ళు తేవడానికని వెళ్ళి, మళ్ళీ తిరిగి రాని మారన, అరిందముడికి దాదికొడుకు. ఒకే ఒడిలో పెరిగినవాళ్ళు. దేశాటనకి ప్రయాణమయ్యేటప్పుడు దాది ఏడవలేదు, దీవించలేదు. "ఇద్దరు వెళ్తున్నారు, ఇద్దరు రావాలి. ఒక్కడివే వస్తే గడప తొక్కకు బాబూ" అంది, అంతే. ఆ మాటని వీపున మూటలా మోసుకుంటూ అరిందముడు అడవులూ ఊళ్ళూ గాలించి చివరికి కౌముదీపురం చేరేసరికి, రాజవీథిలో ఏనుగు అంబారీ మీద, ముత్యాల గొడుగు కింద, జనం పువ్వులు చల్లుతుండగా మారన ఊరేగుతూ కనిపించాడు. పసితనంలో ఉయ్యాలతో సహా వరదలో కొట్టుకుపోయిన యువరాజు తిరిగొచ్చాడట! ఆనవాలు ఏమిటంటే, అన్నప్రాశననాటి వెండి చెంచా. తీసుకొచ్చినవారు ఎవరంటే, హిమగిరుల నుంచి దిగివచ్చిన ఉల్కాముఖస్వామి.

"మారనా!" అని అరిందముడు గొంతు చించుకుని అరిచాడు. మారన అతని వైపు చూశాడు. గోడని చూసినట్టు చూశాడు.

ఆ సాయంత్రమే అరిందముడు మీసం తీసేసి, ఓబయ్యగా పేరు మార్చుకుని, పాత్రల కొట్టులో తోమేవాడిగా చేరిపోయాడు.

"ఒరే ఓబయ్యా! చెంబు తోముతున్నావా, దానితో కష్టసుఖాలు చెప్పుకుంటున్నావా?"

కొట్టు పెత్తనం గంగసానిది. నడుముకి తాళాల గుత్తి, నోటికి తాళం లేని మనిషి. మహారాణి పెళ్ళికూతురుగా వచ్చిన నాటి నుంచి ఈ వెండి అంతా ఆవిడ చేతిమీదుగానే నడుస్తోంది.

"వస్తున్నా గంగసానమ్మా. దీని మూతి దగ్గర నల్లగా ఉంటేనూ."

"నీ మూతీ అలాగే ఉందిలే. లే, స్వామివారి చెంచా వచ్చింది. ఇవాళ మొహం చూసుకోవాలంటే అద్దం అక్కర్లేకుండా ఉండాలి. తొలిముద్ద పట్టం ఇవాళేగా!"

ఇద్దరు భటులు ఎర్రపట్టు కప్పిన పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టి, చెరో పక్కనా ఈటెలు నాటుకుని నిలబడ్డారు. ఒక్క చెంచాకి ఇద్దరు భటులు. అరిందముడు రోజూ పట్టు తీసేది భయంగానే. ఇవాళ మరీ భయంగా తీశాడు.

చెంచా నల్లగా ఉంది.

నిన్న పొద్దున్న తన చేతులతో విభూతి పెట్టి, కుంకుడురసంతో కడిగి, పాత పట్టుగుడ్డతో వెన్నెల్లా మెరిపించిన చెంచా. వెండి నల్లబడుతుంది, నిజమే. వాడకుండా అటక మీద పెడితే ఏడాదికి మసకేస్తుంది. ఇలా రాత్రికి రాత్రి కాటుకలా మాడదు. అతను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తీయగా, మత్తుగా, వాడిన మల్లెల కింద ఏదో కుళ్ళిన వాసన.

"అమ్మా, కొత్త యువరాజులవారు ఎప్పుడూ ఈ చెంచాతోనే తింటారా?"

"స్వామివారి ఆజ్ఞ. వేరే చెంచా తగలకూడదట. అదేం నోమో గాని ఓబయ్యా," గంగసాని భటులకి వినబడకుండా గొంతు తగ్గించింది, "నిద్ర లేచినప్పుడు ఆ బాబు బెదురుచూపులు చూస్తాడు. నేనెక్కడున్నాను అన్నట్టు. చెంచా నోట్లో పడిందా, మళ్ళీ బొమ్మలా కూర్చుంటాడు. పెద్దింటి బిడ్డల తిండి మనకేం తెలుసు!"

అరిందముడు వేలితో చెంచాని తూచాడు. కాడ పొడుగ్గా, నిండుగా ఉంది. కాని బరువు లేదు. గోరుతో మీటితే నిండు వెండి పలికే ఖంగుమనే మోత లేదు, సన్నగా బొయ్యిమంది. బోలుకాడ! సాగగొట్టి చేసింది కాదు, అచ్చుపోసింది. గుంట వెనక్కి తిప్పాడు. అక్కడ రెండు ముద్రలున్నాయి. ఒకటి శంఖం, చేసిన కంసాలి ఇంటి గుర్తు. రెండోది హంస, ఏలిన రాజుది. చేత్తో కొట్టిన ముద్రకి అంచు కత్తిలా ఉంటుంది. ఈ శంఖం అంచులు నమిలిన బెల్లంముక్కలా మెత్తగా ఉన్నాయి. దొంగ చెంచా అని అతనికి మొదటిరోజే అనుమానం. పాత చెంచాకి అరుగుదల కూడా అలాగే ఉండవచ్చని ఇన్నాళ్ళూ తనతో తనే వాదించుకుంటున్నాడు.

కాడ మీది నగిషీ మాత్రం చిత్రంగా ఉంది. కొట్టులో ఉన్న చెంచాలన్నిటికీ ఉన్నట్టే మాధవీలత అల్లిక. ఆ ఆకుల నడుమ మాత్రం, మరే చెంచా మీదా లేని ఒక బుల్లి ఉడుత, తోక ఎత్తి, నోట్లో కాయ పెట్టుకుని కూర్చుంది. ఆ నోటి దగ్గరే, ఇన్నాళ్ళూ విభూతి కింద కనబడని సూదిమొనంత రంధ్రం. అందులోంచి నల్లని తడి చిన్న చెమటచుక్కలా ఊరుతోంది.

చెంచా పాయసంలో ముంచిన ప్రతిసారీ ఉడుత నోట్లోంచి ఒక బొట్టు. మారన తెలివిని తినేస్తున్నది ఇదన్నమాట.

పైకి మాత్రం తాపీగా పక్కనున్న చెంచాని తీసి తోముతూ, "గంగసానమ్మా, ఇన్ని చెంచాలు చూశాను గాని, మీ హంసలన్నీ నిద్రపోతున్నాయేం? మా ఊరి ముద్రల్లో పిట్టలకి కళ్ళుంటాయి" అన్నాడు.

గంగసాని చేతిలోని తాళాలు ఆగిపోయాయి.

"మీ ఊళ్ళో రాజు చచ్చిపోతే ఏం చేస్తారో నాకు తెలీదు. ఇక్కడైతే ఆయన హయాంలో ముద్ర పడిన ప్రతి వెండి వస్తువూ కొట్టుకి రావాలి. పెద్ద కంసాలి సన్నని ఉలి పెట్టి, ఒక్క దెబ్బతో హంస కన్ను మూసేస్తాడు. చెంబు దగ్గర నుంచి చెంచా దాకా. అప్పుడు ఈ గదిలో మోత వినాల్సింది. టక్కు టక్కు టక్కు... పక్కగదిలో మహారాణమ్మ చెవులు మూసుకుని కూర్చుంది. బిడ్డ ఏట్లో పోయిన బెంగతోనే గదా ఆయనా పోయారు."

"అంటే... ముందు బిడ్డ పోయాడా? తర్వాత రాజుగారా?"

"ఆ మాత్రం తెలీకుండానే ఈ ఊరొచ్చావా? వరద శ్రావణంలో. ఆయన ఆ ఏడాది చలికాలం చూడలేదు."

అరిందముడి చేతిలోంచి చెంచా జారి పళ్ళెంలో పడి గణగణమంది. భటులు ఈటెలు ఎత్తారు. "విభూతి... చేతులు జారాయి బాబూ" అని నసిగి, స్వామివారి చెంచాని మళ్ళీ తిప్పి చూశాడు.

హంస కన్ను మూసి ఉంది. నీటుగా, ఒక్క ఉలిదెబ్బతో.

బిడ్డతో పాటు ఉయ్యాలకి కట్టిన చెంచా ఏట్లో కొట్టుకుపోయింది. అప్పటికి రాజు బతికే ఉన్నాడు. ఆ తర్వాత కదా ఇక్కడ హంసల కళ్ళు మూసింది! ఏ ఊళ్ళోనో, ఏ ఇసుకలోనో పడి ఉన్న ఆ చెంచా కన్ను ఎవరు మూస్తారు? నిజమైన చెంచా మీద హంస ఈరోజుకీ కన్ను తెరిచే చూస్తూ ఉండాలి.

నిజం దొరికింది. దొరికిన మరుక్షణమే అది చెప్పరాని నిజమని కూడా తెలిసింది. ఈ మాట సభలో చెబితే మాయలమారి ఉల్కాముఖుడి ఆట కట్టు. కాని రాజబిడ్డనని అబద్ధమాడి సింహాసనం ఎక్కినవాడికి ఈ రాజ్యంలో శిక్ష పట్టపుటేనుగు పాదం. ఆ సింహాసనం మీద కూర్చునేది మారన. చెప్పకపోతే, తల్లి పెట్టే తొలిముద్ద మింగినవాడే రాజు. మాట మాయలమారిది, మొహం మారనది, జీవితాంతం ఆ ఉడుత నోటి బొట్టు. దాది గడప కళ్ళముందు కదిలింది.

'వాడికి తెలివి వస్తే ఏం చేస్తాడు?' అని ఆలోచించాడు. 'ఏం చేసినా, కనీసం పరిగెత్తగలడు.'

"అమ్మా, కాస్త లక్క ఉంటే ఇయ్యి. ఈ గిన్నెకి చిల్లు పడింది."

"పొద్దున్నే అడిగేవాడివి ఇదొక్కటే తక్కువ" అంటూనే గంగసాని దీపం సెగన మెత్తపడిన లక్కముద్దని విసిరింది. అతను గిన్నె చిల్లుకి కొంచెం అద్దాడు. అద్దిన వేలితోనే చెంచాని పట్టుకుని, విభూతి పులుముతున్నట్టు తిప్పుతూ, ఉడుత నోట్లో చిటికెడు లక్క కుక్కాడు. పైన విభూతి రుద్దాడు. కుంకుడురసంతో కడిగాడు. పట్టుగుడ్డతో తుడిచాడు.

"బాగా మెరుస్తోంది."

ఆ గొంతుకి కొట్టులోని వేడి మొత్తం దిగిపోయింది. గుమ్మంలో ఉల్కాముఖుడు నిలబడి ఉన్నాడు. నడుము దాటిన రాగిరంగు జడలు, నుదుట అరచేయంత భస్మం, మెడలో ఏ జంతువువో తెలియని పళ్ళ దండ, నవ్వితే కుంపట్లో ఊదినట్టు లోపలెక్కడో ఎర్రబడే కళ్ళు. అతను చెంచా అందుకుని, గుంటలో తన మొహం చూసుకున్నాడు, తిరగేసి హంసని చూశాడు, ఉడుత మీద బొటనవేలు ఆనించాడు.

"ఏ ఊరు నీది?"

"ఎగువూరు స్వామీ. మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను."

"తోమడమేనా, ఇంకేమైనా నేర్పిందా?"

"తిట్లు నేర్పింది స్వామీ. పెద్దల ముందు అనకూడదు."

గంగసాని చీరచెంగు నోట్లో కుక్కుకుంది. ఉల్కాముఖుడు ఒక క్షణం అతన్ని కళ్ళతోనే తిప్పి తిప్పి చూసి, చెంచాని పట్టులో చుట్టి, భటులను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. నేల మీద అతను నిలబడ్డ చోట విభూతి నల్లగా మాడి ఉంది.

సభామంటపాన్ని వర్ణించడానికి కౌముదీపురంలో పనిగట్టుకుని కవులుండేవారు గనక మనం తొందరగా చూసి పోదాం. స్తంభాలు చంద్రకాంతశిలలు, పైకప్పు నీలమణుల ఆకాశం, నేల మీద పరిచిన తివాచీలో ఎన్ని నెమళ్ళు ఆడుతున్నాయో అన్ని రంగులు. పడమటి కిటికీలు సముద్రం మీదికి తెరుచుకుని ఉంటాయి. అలల నురుగు గాలిలో తేలి వచ్చి సామంతుల కిరీటాల మీద ఉప్పు చల్లుతుంది. ఇంత వైభవంలోనూ పెరటిగుమ్మం పక్కన గొలుసులు చప్పుడు చేస్తూ ఊగుతున్న పట్టపుటేనుగు ఒక్కటే అరిందముడికి కనిపించింది. పాయసపు గంగాళం మోసేవాళ్ళలో ఒకడిగా చేరి అతను సింహాసనం మెట్ల దాకా వచ్చేశాడు.

మారన ఆసనం మీద బొమ్మలా ఉన్నాడు. రాత్రి తిన్న బొట్టు సన్నగిల్లుతోందేమో, రెప్పలు మాటిమాటికీ కొట్టుకుంటున్నాయి. పక్కన మహారాణి మృణాళిని. తెల్లని పట్టుచీర, ఒంటి మీద నగ లేదు. ఆవిడ చెంచా అందుకుని వెనక్కి తిప్పి చూసింది. తర్వాత కాడ మీది ఉడుతని వేలితో మెల్లగా నిమిరింది. ఆ నిమరడం అరిందముడి కంటపడింది. ఈ తల్లికి ఇప్పుడు నిజం చెప్పడమంటే, పోయిన బిడ్డని మరోసారి ఏట్లో వెయ్యడమే.

వృద్ధమంత్రి దేవరాతుడు లేచి, చేతికర్ర నేలకి తాటించాడు. "తల్లి చేతి తొలిముద్ద. తినిపించినవారు తల్లి, తిన్నవాడు బిడ్డ. ఆక్షేపణ ఉన్నవారు ముద్ద పడకముందే పలకాలి!"

పలికితే ఏనుగు. అరిందముడు పలకలేదు.

మహారాణి పాయసం ముంచి మారన నోటికి అందించింది. మారన మింగాడు. ఉల్కాముఖుడి పెదవులు విచ్చుకున్నాయి. మరో చెంచా. మారన మింగాడు. మూడోది నోట్లోకి వెళ్తుండగా అతని కనుబొమలు ముడిపడ్డాయి. చుట్టూ చూశాడు. స్తంభాలు చూశాడు, కిరీటాలు చూశాడు, తన ఒంటి మీది పీతాంబరం చూశాడు. చివరికి గంగాళం పక్కన నిలబడ్డ తోమేవాడి మీద చూపు ఆగింది.

"చినదొరా!" అన్నాడు సభ మారుమోగేలా. "మీ మీసం ఏమైంది?"

సామంతుల తలలన్నీ గంగాళం వైపు తిరిగాయి.

"ఇదేం ఊరు దొరా? నేను నీళ్ళకి కదా వచ్చాను! ఒక జడలాయన దాహం తీర్చుకోమని ఏదో ఇచ్చాడు... అదుగో! ఆయనే!" మారన లేచి నిలబడ్డాడు. కిరీటం జారి ముక్కు మీద ఆగింది. "అమ్మా, మీరెవరో గాని పాయసం బాగుంది. యాలకులు కాస్త ఎక్కువయ్యాయి, అంతే."

సభ తేనెపట్టులా రేగింది. "మోసం!" "పట్టుకోండి!" దేవరాతుడి కర్ర గాలిలో లేచింది. గుమ్మం దగ్గర మావటివాడు అంకుశం సవరించుకున్నాడు. ఉల్కాముఖుడు అందరికంటే ముందు గర్జించాడు. "నన్నే మోసగించాడా ఈ ద్రోహి! వెంటనే ఏనుగు కింద వేయించండి!"

అరిందముడు గంగాళం మీంచి దూకి మెట్లెక్కాడు. "ఆగండి! ఇతను ద్రోహి కాదు, ఇతనే మోసపోయినవాడు. ద్రోహి ఆ చెంచాలో ఉన్నాడు!" అని అరిచి, ఆగితే ఈటె దిగుతుందన్న భయంతో ఊపిరి పీల్చకుండా మొత్తం చెప్పేశాడు: అచ్చుపోసిన కాడ, తెలివిని లొంగదీసే లోపలి వశ్యరసం, శంఖం అంచులు, అన్నిటికంటే ఆ హంస. "వరదలో పోయిన చెంచాకి, వరద తర్వాత కన్ను మూసిందెవరు మహామంత్రీ? మీ కంసాలి ఏటి అడుక్కి వెళ్ళి కొట్టి వచ్చాడా?"

దేవరాతుడు చెంచా కోసం చెయ్యి చాపాడు. మహారాణి ఇవ్వలేదు.

"చూడనక్కర్లేదు మంత్రిగారూ" అంది ఆవిడ. "అది మూసే ఉంది. ఈ చెంచా మొదట నా చేతికి వచ్చినరోజే చూశాను."

ఇన్నాళ్ళూ అరిందముడు దాచలేక, చెప్పలేక మోసినదాన్ని ఆవిడ వడ్డిస్తూ, నవ్వుతూ మోసిందన్నమాట.

"మహారాణీ! తెలిసి కూడానా?" దేవరాతుడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తెలిసే. హంసని చూసి ఇతను నా కొడుకు కాదని తెలుసుకున్నాను. ఉడుతని చూసి ఊరుకున్నాను." ఆవిడ చెంచా కాడని అందరికీ కనిపించేలా ఎత్తింది. "నా బిడ్డ ఉడుతని చూస్తే తప్ప నోరు తెరిచేవాడు కాదు. పాలబువ్వ తినిపించలేక, కంసాలి చేత ఆ ఒక్క చెంచా మీదే చెక్కించాను. అది నాకు తెలుసు, కంసాలికి తెలుసు, నీళ్ళకి తెలుసు. కంసాలి పోయాడు. నీళ్ళు చెప్పవు. మరి ఈ స్వామికి ఎవరు చెప్పారు?"

జవాబు ఆవిడే చెప్పింది.

"అసలు చెంచాని కళ్ళారా చూస్తే తప్ప ఈ ఉడుత రాదు. తోక ఒంపుతో సహా దింపాడు. దింపి, దాని మీద హంస కన్ను తెరిచి ఉండడం చూసి, మన ఇంటి వెండి అంతా కన్ను మూసుకుని ఉంది కదా, ఇది పనివాడి పొరపాటనుకుని తానే దిద్దాడు. మరీ జాగ్రత్త పడ్డాడు. అసలుదే తేవచ్చు కదా? తేలేకపోయాడు. ఎందుకంటే దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వదలని మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడు." ఆవిడ చెంచాని గుండెకి ఆనించుకుంది. "బయటపెడితే ఈ స్వామి మాయమైపోతాడని, నోరు మూసుకుని వీడు తెచ్చిన బొమ్మకి అన్నం పెట్టాను. పెడుతూ పెడుతూ ఉంటే... ఆ బొమ్మ కూడా ఆకలేసిన బిడ్డే కదా. ఇతన్ని ఎవరూ ముట్టుకోరు మంత్రిగారూ. తినిపించినవారు తల్లి అని ఇప్పుడే కదా మీరన్నారు."

మావటివాడు అంకుశం దించేశాడు. మారనకి ఏమీ అర్థం కాలేదు గాని, ఏదో గండం గడిచిందని మాత్రం తెలిసి, మహారాణి కాళ్ళకి దండం పెట్టేశాడు.

ఆవిడ ఉల్కాముఖుడి వైపు తిరిగింది. "నా కొడుకు ఎక్కడ?"

ఉల్కాముఖుడు నవ్వాడు. లోపలి నిప్పు ఈసారి కళ్ళలో ఆగలేదు, జడలకి పాకింది. రాగిజడలు ఈకలయ్యాయి, చేతులు రెక్కలయ్యాయి, పళ్ళదండ తెగి నేల మీద వడగళ్ళలా రాలింది. చూస్తుండగానే మంటపం సగాన్ని కమ్మేస్తూ, నిప్పుకణాలు రాలుస్తూ ఒక పెద్ద రాబందు నిలబడింది. సామంతుల్లో శూరులని పేరున్నవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. రాబందు ముక్కు మహారాణి మీదికి విసురుగా వచ్చింది. ఆవిడ కోసం కాదు, ఆవిడ చేతిలో ఉన్నదాని కోసం. జీవితమంతా పిండిన వశ్యరసం ఆ బోలుకాడలోనే ఉంది మరి!

ముక్కు చెంచా గుంటని కరిచింది. అదే క్షణాన అరిందముడు రెండు చేతులతో కాడని పట్టేశాడు. రాబందు రెక్క విదిల్చింది. తివాచీ మీది నెమళ్ళు, కిరీటాలు, దేవరాతుడి తెల్లగడ్డం, అన్నీ గిర్రున కిందికి జారిపోయాయి.

"నన్నొదిలేసి ఎక్కడికి దొరా!" అని ఒక కేక, దాని వెంబడే అరిందముడి రెండు కాళ్ళకీ బరువు తగులుకుంది. మారన పీతాంబరంతో సహా అతని చీలమండలకి వేలాడుతున్నాడు. పడమటి కిటికీ చట్రం పటపటా విరిగింది. వెనకనుంచి మహారాణి కేక గాలిని చీల్చుకు వచ్చింది.

"వదలకు నాయనా! వాడు పోయేది నా బిడ్డ ఉన్న చోటికే! వదలకు!"

తరవాత గాలి తప్ప ఏమీ వినిపించలేదు.

కింద సముద్రం కాచిన సీసంలా కదులుతోంది. కౌముదీపురం తెల్లని ముగ్గుచుక్కంత అయింది, అదీ చెరిగిపోయింది. రాబందు తల విదిల్చినప్పుడల్లా ఇద్దరూ గంటకి కట్టిన నాలుకలా అటూ ఇటూ ఊగుతున్నారు. నోరు తెరిస్తే చెంచా జారుతుంది గనక అది అరవలేదు. చెంచా వదిలితే తాము పోతారు గనక వీళ్ళు వదల్లేరు. ఇంత చక్కని ఒప్పందం రాజుల మధ్య కూడా కుదరదు.

"చినదొరా," అన్నాడు మారన కిందనుంచి, పళ్ళు టకటకలాడుతుండగా, "మా అమ్మ ఏమైనా అందా, నేను కనిపించలేదని?"

"ఇంకా ఇంటికి వెళ్ళలేదు. ఒక్కణ్ణే వస్తే గడప తొక్కనివ్వనంది కదా."

మారన పట్టు ఇంకొంచెం బిగిసింది.

అప్పుడు అరిందముడికి చేతుల కింద సన్నని వణుకు తెలిసింది. గాలిది కాదు. కాడది. తోమేవాడికి తెలిసిన విషయమే, ఇంతసేపూ గుర్తు రానిదీ అదే. సాగగొట్టిన వెండి బరువుకి వంగుతుంది. అచ్చుపోసిన వెండి వంగదు, విరుగుతుంది. ఉడుత మెడ దగ్గర కాడ చుట్టూ వెంట్రుకంత గీత పడింది. లక్క పెట్టిన నోట్లోంచి నల్లబొట్టు ఒకటి జారి అతని మణికట్టు మీద చల్లగా పడింది.

"దొరా! అటు చూడండి!"

పొగమంచు చీలి, సముద్రం నడుమ నల్లని కోరల్లాంటి శిలల దీవి ఒకటి పైకి లేస్తోంది. దాని కొమ్మున తలుపు లేని గోపురం, అందులో ఒకే ఒక్క గవాక్షం. రాబందు రెక్కలు ముడిచి అటే దిగుతోంది. ఆ గవాక్షంలోంచి ఎవరిదో సన్నని చెయ్యి బయటికి చాచి ఉంది. ఆ చేతిలో ఏదో చిన్న వస్తువు ఎండకి తెల్లగా తళుక్కుమంటోంది. ఆగి, మళ్ళీ తళుక్కుమంటోంది. దారిన పోయే ఏ ఓడనో, ఏ పక్షినో, ఎవరినైనా సరే, ఏళ్ళ తరబడి పిలిచి పిలిచి అలవాటైపోయిన చెయ్యి అది.

"ఎవరో చెంచా ఊపుతున్నారు దొరా," అన్నాడు మారన ఆశగా. "భోజనానికి పిలుస్తున్నారేమో!"

అరిందముడు నవ్వబోయాడు. అంతలో ఉడుత మెడ పుటుక్కుమంది.